గింజలున్న అరటి

ముందు గింజల సంగతి చెప్పాలి.
మిరియాల కంటే పెద్దవి, బొగ్గులా నల్లనివి.
పంటి కింద పడితే పన్ను విరగాలే గాని అవి విరగవు.
ఒక్క పండులో యాభై మూడు లెక్కపెట్టాను.
గుజ్జంటారా, నాలుక చివర తడి అంత.
"తినడానికి పనికిరాని అరటిని పెంచుతావా" అని
ఇంబోక్ నవ్వింది.
బిస్కట్ డబ్బా మాత్రం ఇచ్చింది.

మూడు రోజులు నానేశాను.
తేలినవి పారబోసి, మునిగినవి నాటాను.
పగలు రేకు కప్పు మీద ఎండలో,
రాత్రి వరండాలో, నదిగాలి తగిలేచోట.
వేడీ చలీ మారుతుంటే కళ్లు తెరుస్తాయేమోనని.
ఎవరూ చెప్పలేదు.
ఇరవై ఆరేళ్లు దుంగల లారీ తోలినవాణ్ణి,
చల్లారిన ఇంజను పొద్దున్నే ఎలా లేస్తుందో తెలుసు.

నాలుగో నెలలో ఇంబోక్
ఆ డబ్బాలో ఉల్లి నాటబోయింది. ఆపాను.
మర్నాడు కాదు, ఆ వారమూ కాదు,
నేను మరిచిపోయాక ఒక వాన పొద్దున
సూదంత ఆకు, చుట్ట చుట్టుకుని.
గడ్డే అనుకుని పీకబోయాను.

రెండో ఏడు బోదె నా తొడంత.
మూడో ఏడు మొవ్వలోంచి మొగ్గ.

సిబులో పడవెక్కి వచ్చింది డయాంగ్ రుఖియా,
మోకాళ్ల దాకా బురద, మెడలో భూతద్దం.
నాకన్నా మొక్కనే ముందు పలకరించింది.
బోదె మీద బూడిద పొడి ఉందా, నూనె మెరుపుందా?
కోస్తే కర పాలలా వస్తుందా, నీళ్లలా వస్తుందా?
పిలకలు తల్లిని ఆనుకునే లేస్తాయా,
బారెడు దూరం పారిపోయి లేస్తాయా?
దొప్ప రాలేముందు వెనక్కి చుట్టుకుంటుందా?
మొగ్గ నేలను చూస్తుందా, ఆకాశాన్నా?

ఆకాశాన్నే, అన్నాను.
మా పెరటి అరటిచెట్లన్నీ
గెల బరువుకి తల వంచుకున్నవే.
ఇది మాత్రం
రోడ్డు మధ్య చెయ్యెత్తి లారీ ఆపేవాడిలా నిలబడింది.
దొప్ప బయట ఊదా, లోపల
ఉడికిన రొయ్య రంగు.
ఆమె ఒక దొప్ప ఒలిచి పూలు లెక్కపెట్టింది,
పుస్తకం తిప్పింది, మళ్లీ లెక్కపెట్టింది.
"ఇదీ కావచ్చు, అదీ కావచ్చు" అంది.
"పండు పండాక గింజ అడ్డంగా కోసి పంపండి."
ఇన్నేళ్లు పెంచితే ఈ మాటా!
కాని ఆ తెలియకపోవడం నాకు నచ్చింది.
తెలియనిదాన్ని తెలియదన్న మనిషి
మా కంపెనీలో ఒక్కడూ లేడు.

తర్వాత కాగితం తీసింది.
సేకరించినవారు: మెరింగాయ్ అనక్ జుగా.
సేకరించిన చోటు?
ముప్పై ఎనిమిదో కిలోమీటరు, అన్నాను,
దుంగల రోడ్డు ఎడమ పక్క, కొండ జారిన చోట.
నేల రకం?
నేను వెతుక్కునేలోగా తనే రాసుకుంది:
చెదిరిన నేల.

చెదిరింది, నిజమే.
ఆ వంపు కోసం కొండ పక్కటెముక తవ్వినప్పుడు
తీసిన మట్టి లోయలోకి ఒంపింది నా లారీయే.
మర్నాటి వానకి వాగు టీ రంగులో పారింది.
ఆరు నెలల తర్వాత అటు వెళ్తే
ఆ ఎర్రటి పుండు మీద
మొట్టమొదట లేచి నిలబడ్డవి ఇవే,
పచ్చగా, వందల కొద్దీ,
ఎవరూ పిలవకుండా.
చెదిరించినవారు అనే గడి
ఆ కాగితంలో లేదు.
నేనూ అడగలేదు.

పడవ కూత వేసింది. ఆమె వెళ్లిపోయింది,
పాత పేపర్ల మధ్య ఒత్తిన దొప్పతో.
చొక్కా మీద కర మిగిలింది.
ఇంబోక్ సబ్బుతో, నిమ్మకాయతో రుద్దింది,
తిట్టింది, మళ్లీ రుద్దింది.
అరటి కర కదా,
ఎండేకొద్దీ నల్లబడింది.

పండ్లు ఇంకా పచ్చివే.
రాత్రి గబ్బిలం ఒకటి వచ్చి పోతోంది.
దానికి పేరుతో పని లేదు.
నాకుంది.
బిస్కట్ డబ్బా కడిగి బోర్లించాను.